33 అడుగుల గొలుసు

ఎనిమిది గొలుసుల పొడుగు, ఐదు గొలుసుల అడ్డం ఉన్న చెలక సరిగ్గా ఒక ఎకరం. ఎనిమిది అయిదులు నలభై, నలభై గుంటలు ఎకరం. నడుమ ఇంకో హెచ్చవేత లేదు, భాగహారం లేదు, పట్టిక తీసి చూసే పని లేదు. గొలుసు పొడుగు 33 అడుగులు. అటు 33, ఇటు 33 అడుగులు పెట్టి నలుపలక గీస్తే 1089 చదరపు అడుగులు. అంటే 121 చదరపు గజాలు, ఒక గుంట. పొడుగు ఎన్ని గొలుసులో, అడ్డం ఎన్ని గొలుసులో ఎంచి హెచ్చిస్తే వచ్చేవి గుంటలే. చదువురాని రైతు గెట్టు మీద నిలబడి గొలుసు ఎన్నిసార్లు పడ్డదో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే చాలు. సర్వేయర్ కాగితం మీద రాయబోయే అంకె ముందే అతని నోట్లో ఉండేది.

సర్వే శాఖలో ఈ గొలుసు వెంట నడిచి, టిపన్లు చదివి, జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు గెట్ల పంచాయితీలు తెంపి రిటైరైనవాణ్ని నేను. (కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తాం గానీ మా నోటికి అది మానుకోటే.) ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు గొలుసు ఒక పనిముట్టుగానే కనిపించింది. తర్వాత పాత లెక్కలు ముందేసుకుని కూర్చుంటే, దాన్ని 33 అడుగులకు కోసిన బుద్ధి ఎంత గొప్పదో తెలిసివచ్చింది. కొత్త కొలతల పద్ధతి కల్పించేవాడు మూలప్రమాణం ఎంచుకునేటప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: కొలిపించుకునే మనిషి దాన్ని తానే సరిచూసుకోగలడా? మా నేల మీద కాకతీయుల నుంచి నేటిదాకా వచ్చిన కొలతలన్నింటినీ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే తూచి చూస్తాను.

ముందు గొలుసు సంగతే పూర్తిగా చెప్పనివ్వండి. ఆ 33 అడుగులను 16 అణాలుగా భాగించారు. ఒక్కో అణా రెండు అడుగుల ముప్పావు అంగుళం. గుంటకు కూడా 16 అణాలే. ఒక అణా నేల అంటే ఏడున్నర గజాలకు కాస్త పైన. ఒక చేను ఆరు గొలుసుల ఎనిమిది అణాలు పొడుగు, మూడు గొలుసుల నాలుగు అణాలు అడ్డం ఉందనుకోండి. ఆరున్నరను మూడుంబావుతో హెచ్చిస్తే 21 గుంటల రెండు అణాలు. అర, పావు, అరపావు తెలిసిన ప్రతివాడికీ అందే లెక్క ఇది. రూపాయికి 16 అణాలున్న కాలంలో ఆ భాగాలు తెలియని మనిషి సంతలో ఉండేవాడు కాదు. కూలికి పోయే ఆడమనిషి కూడా ఆరణాలలో సగం మూడణాలని ఆలోచించకుండా చెప్పేది. గొలుసు చేసినవాడు జనం నోటి లెక్కను తెచ్చి ఇనుములో పోశాడు.

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 16 అణాలు కనుక ఎకరానికి 640 అణాలు. ఇక్కడే అసలు అందం ఉంది. 640లో సగం 320, అందులో సగం 160, ఆ తర్వాత 80, 40, 20, 10, 5. ఏడుసార్లు సగం చేసినా భిన్నం రాదు. మద్రాసు ప్రెసిడెన్సీ వైపు, అంటే ఆంధ్ర జిల్లాల్లో, ఎకరానికి 100 సెంట్లు. దానికి మూలం 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లిషు లెక్కల పండితుడు చేసిన 66 అడుగుల, 100 కడీల గొలుసు. పది చదరపు గొలుసులు ఎకరం, దశాంశాల్లో రాసుకోవడానికి చాలా హాయి. కానీ సెంట్లను సగం చేస్తూ పోతే 50, 25, ఆ వెంటనే పన్నెండున్నర. కాగితం మీద లెక్క రాసేవాడికి సెంటు మేలు. చేనులో నిలబడి పంచుకునేవాడికి గుంట మేలు. భూమిని ఎక్కువగా పంచుకునేది అన్నదమ్ములు, వాళ్లు పంచుకునేది సగాల్లో, సగంలో సగాల్లో.

ముగ్గురు అన్నదమ్ములైతే ఎట్లా అని అడుగుతారు. ఎకరాన్ని మూడు పాళ్లు చేస్తే తలా 13 గుంటల ఐదు అణాలు వచ్చి ఒక్క అణా మిగులుతుంది. ఏడున్నర గజాల ఆ ముక్కను బావికి పోయే బాటకు వదిలేసుకున్న అన్నదమ్ములను మానుకోట పక్క పల్లెల్లో చూశాను. అదే ముక్క కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లనూ చూశాను.

నిజాం రాజ్యంలోకి ఈ పద్ధతి బొంబాయి వైపు నుంచి వచ్చింది. 1830లలో పుణె జిల్లాలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే ఇద్దరు అధికారులు రైతువారీ సర్వేను కొత్తగా వేశారు. పాత అంచనాలు ఊళ్లను ఎత్తిపోయేటట్టు చేశాయి గనుక చేనుకు చేను విడిగా కొలిచి, రాయి పాతి, నంబరు వేసి, నేల సారాన్ని బట్టి శిస్తు కట్టారు. ఆ సారాన్ని కూడా అణాల్లోనే లెక్కించారు. మేలైన నేల 16 అణాలు, దాని కింద 14, 12, అట్లా దిగుతూ పోతుంది. పొడుగుకు అణా, వైశాల్యానికి అణా, సారానికి అణా, రూపాయికి అణా. పదహారో వంతు అన్న ఒకే ఊహను నాలుగుచోట్ల వాడి నాలుగు లెక్కలనూ ఒక్క మనిషి తలలో పట్టేటట్టు చేయడం మామూలు తెలివి కాదు.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి మన వైపు శిస్తు చాలాచోట్ల గుత్తేదార్ల చేతుల్లో ఉంది. కల్లంలో పంట పోసి పాళ్లు పెట్టే బటాయి సాగుతోంది. ఆయన 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. మరో పదేళ్లకు సర్వే పని మొదలైంది. పంటలో పాలు పోయి నేల విస్తీర్ణం మీద నగదు శిస్తు రావడంతో కొలత బతుకు విషయమైంది. బటాయి కాలంలో చేను ఎంతుందో రైతు చెప్పకపోయినా నడిచేది, కల్లంలో గింజలే చెప్పేవి. ఇప్పుడు పంట పండినా ఎండినా గుంటలకు పైసలు కట్టాలి. గుంట తప్పుగా పడితే ఆ తప్పు ఏటా కట్టించుకుంటుంది.

అందుకే ఇనుప గొలుసు మీద నాకు ప్రేమతో పాటు అనుమానమూ ఉంది. వాడినకొద్దీ కడీలు అరిగి గొలుసు సాగుతుంది. 33 అడుగుల మీద ఒక్క అంగుళం సాగితే ఎకరానికి మూడు అణాల నేల లెక్కలో తగ్గుతుంది. శిస్తు కట్టేవాడికి అది లాభం, అమ్ముకునేవాడికి నష్టం. గొలుసు లాగే ఇద్దరిలో వెనకవాడు వదులుగా పట్టినా, ముందువాడు మిట్టపల్లాల్లో ఒంపుగా పరిచినా ఇదే తేడా. మంచి చైన్‌మన్ గొలుసు పడ్డచోట మేకు గుచ్చి, వెనకవాడు దాన్ని చేత్తో పట్టుకున్నాకే ముందుకు నడిచేవాడు. లంబం తీయడానికి క్రాస్‌స్టాఫ్, రాసుకోవడానికి టిపన్ పుస్తకం. ఒక్కో సర్వే నంబరు ఆకారం, దాని భుజాల కొలతలు గొలుసులు, అణాల్లో ఆ టిపన్‌లో ఉంటాయి. ఊరి మొత్తం లెక్క సేత్వార్‌లో ఉంటుంది. 1954–55 ఖాస్రా పహాణీ వచ్చేనాటికి ఊళ్లలో ఎన్ని మార్పులు జరిగినా, గెట్టు తగాదా వచ్చిన ప్రతిసారీ మేం వెతికేది ఆ పాత టిపన్‌నే. మనుషులు మాట మారుస్తారు, రాళ్లు జరుగుతాయి. టిపన్‌లో అణాలు మాత్రం రాసినచోటే ఉంటాయి.

గొలుసుకు ముందు ఏముండేది? కాకతీయుల కాలపు శాసనాల్లో భూమి కొలిచే కర్రల పేర్లు కనిపిస్తాయి: కేసరిపాటి గడ, పెనుంబాక మానదండం. ఊరి పేరో మనిషి పేరో తగిలించుకున్న గడలు. ఏ గడతో కొలిచి దానమిచ్చారో శాసనంలో చెక్కించడం నన్ను కదిలిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటే వాళ్లకు తెలుసు, గడ పేరు చెప్పకపోతే అంకెకు అర్థం లేదని. గడలు ఒకటి కాదు గనుకే పేరు రాయాల్సి వచ్చింది. గుడికి ఇచ్చిన మర్తురు నేల ఎంత అని నూరేళ్ల తర్వాత ఎవడైనా అడిగితే, రాతిలో గడ పేరు చదివి దాంతో మళ్లీ కొలవాలి. గడ ఎక్కడుందో తెలిసినన్నాళ్లే ఆ కొలత బతుకుతుంది.

ఊళ్లలో రైతు గడ లేకుండానే కొలుచుకున్నాడు. తూమెడు విత్తనాల భూమి, కుంచెడు మడి. ఎన్ని గింజలు పడతాయో అంత నేల. చదువుకున్నవాళ్లు దీన్ని మోటు కొలత అంటారు, నేను ఒప్పుకోను. ఎర్ర చెలకలో తూమెడు జొన్నలు చల్లే నేల వేరు, చెరువు కింద తరి పొలంలో తూమెడు వడ్లు పట్టే నేల వేరు. విత్తనంతో కొలిచినప్పుడు విస్తీర్ణం, నేల సారం రెండూ ఒకే అంకెలో వస్తాయి. గణపురం దగ్గర కాకతీయులు తవ్వించిన గణపసముద్రం కింద రైతుకు కావాల్సింది చదరపు గజాలు కావు. ఎన్ని విత్తనాలు నానబెట్టాలి, ఎన్ని తూముల పంట చేతికొస్తుంది, అందులో నీరటికి ఎంత పోతుంది. గింజ నుంచి గింజకు నడిచే ఆ లెక్కను బొంబాయి సర్వే రెండు ముక్కలు చేసింది, గుంట ఒకటి, నేల తరగతి ఒకటి. పన్ను వేసేవాడికి అట్లా విడగొట్టడం అవసరమే.

గింజల కొలతల్లోనూ సగాల లెక్కే నడిచింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మానికకు 16 గిద్దలు, తూముకు 16 మానికలు. ఊరూరికీ మానిక లోతు మారేది గానీ ఈ వరస పెద్దగా మారలేదు. కల్లంలో మొదటి మానిక పోసేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. మా తాత ఆ మాట పలికేటప్పుడు తలపాగా సవరించుకునేవాడు.

పంటను కొలిచి రైతు బతుకు తేల్చిన చోటు కూడా ఆ కల్లమే. జనగామ పల్లెల్లో ముసలివాళ్లు ఒకే మాట చెప్పేవాళ్లు: తీసుకునే మానిక ఒకటి, ఇచ్చే మానిక ఒకటి. కరువులో నాగుకు తెచ్చుకున్న వడ్లకు పంట మీద ఒకటికి ఒకటిన్నర కట్టాలి. తెచ్చుకునేటప్పుడు కర్రతో అంచుకు గీకి పోస్తారు, కట్టేటప్పుడు పైన కుప్పగా పోయమంటారు. ఆ కుప్పలో ఎంత పోతుందో లెక్క కట్టి చూడండి. గింజలు జారే వాలు ఎప్పుడూ ఒకటే గనుక మానిక మూతి వెడల్పు రెట్టింపైతే పైన నిలిచే కుప్ప ఎనిమిది రెట్లు అవుతుంది. లోపలి కొలత ఒక్క గిద్ద కూడా మార్చకుండా, ముద్ర చెరపకుండా, మూతి మాత్రం వెడల్పు చేసి లోతు తగ్గిస్తే చాలు. కొలత నిజాయితీగానే ఉన్నట్టు కనిపిస్తుంది, రైతు గుమ్మి మాత్రం వెలితి పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం సర్కారు వసూలు చేసిన గల్లా లెవీ ఈ కల్లాల మీదే పడ్డది. కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోవడానికి, పాలకుర్తిలో ఐలమ్మ తన పంట కోసం నిలబడటానికి కారణాలు వెట్టి, భూమి, దొరతనం. ఆ దొరతనం రైతు ఇంటి గుమ్మి దాకా ఎట్లా వచ్చిందని అడిగితే నేను మానిక మూతిని చూపిస్తాను. కొలిచే పాత్రను కొలిపించుకునేవాడు చేతిలోకి తీసుకుని చూసే హక్కు లేనిచోట ఎంత మంచి ప్రమాణమైనా పనికిరాదు.

తూకంలో ఆ హక్కు కొంత వరకు దొరికింది. 1833లో కంపెనీ సర్కారు ఏడో రెగ్యులేషన్‌తో తోలాను మూలప్రమాణంగా నిలిపింది. కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ దీని వెనక ఉన్నాడు. మౌర్య అశోకుడి లిపిని చదివిన మనిషి ఆయనే. తోలా అంటే వెండి రూపాయి బరువు, 180 గ్రెయిన్లు. 80 తోలాలు సేరు, 40 సేర్లు మణుగు. ఎందుకు 180 అని కాగితం మీద వేసి చూశాను. 180ని 80తో, 40తో హెచ్చిస్తే 5,76,000 గ్రెయిన్లు. ట్రాయ్ పౌండుకు 5,760 గ్రెయిన్లు గనుక మణుగు సరిగ్గా 100 ట్రాయ్ పౌండ్లు. కింద సంతలో రైతు చేతిలోని రూపాయి, పైన లండన్ పౌండు, రెండింటినీ ఒక్క అంకెతో కుట్టేశారు. తూకపురాయి మీద అనుమానం వస్తే పల్లెటూరి మనిషి చేయాల్సింది ఒక్కటే, త్రాసులో ఇటు రాయి పెట్టి అటు రూపాయలు పోయాలి. ఎనభై రూపాయలు పేదవాడి దగ్గర ఉండవన్నది నిజమే. ఐదు రూపాయలుంటే సేరులో పదహారో వంతైన ఛటాకును సరిచూడొచ్చు, దాంతో మిగతావి ఒకటొకటిగా పైకి సరిచూడొచ్చు.

మన రాజ్యంలో ఒక చిక్కు ఉండేది. నిజాం హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములు, బ్రిటిష్ కల్దార్ 11.66 గ్రాములు. ఎనభై కల్దార్లు పోస్తే 933 గ్రాములు, ఎనభై హాలీలు పోస్తే 894. దాదాపు నలభై గ్రాముల తేడా. మారకంలో ఏడు హాలీలకు ఆరు కల్దార్లు ఇచ్చేవాళ్లు, అది వెండి పాలుకు సంబంధించిన లెక్క. తూకానికి ఏ రూపాయి వేస్తున్నావని అడిగి తెలుసుకోవడం తెలివిగల రైతు పని. పెద్ద మొత్తాల్లో సరుకు పల్లాల్లో నడిచేది, పల్లాకు 120 సేర్లు.

ఇంతకంటే పాత ఆలోచన ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు రాసిన గణితసారసంగ్రహం కొలతల పట్టికలతోనే మొదలవుతుంది. దాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. జైనుల లెక్కలో అంగుళాలు మూడు రకాలు. లావాదేవీలకు వాడే వ్యవహారాంగుళం, దానికి 500 రెట్ల ప్రమాణాంగుళం, ఆ కాలపు మనుషుల వేలిని బట్టి వచ్చే ఆత్మాంగుళం. మనిషి మారితే వేలు మారుతుంది, అయినా లెక్క చెదరకూడదని వాళ్లు ముందే ఊహించి మూడింటికీ చోటిచ్చారు. మన శిల్పులైతే ప్రమాణాన్ని బయట వెతకనే లేదు. శిల్పశాస్త్రంలో నవతాళ విగ్రహం ఎత్తును 108 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఆ విగ్రహానికి అంగుళం. జానెడు బొమ్మకైనా నిలువెత్తు మూర్తికైనా ముఖం 12 అంగుళాలే. పాలంపేట రామప్ప గుడి మదనికల ముందు నిలబడిన ప్రతిసారీ ఆ ధైర్యానికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొలవాల్సిన వస్తువులోంచే కొలబద్దను తీయడం! కాకపోతే ఆ అంగుళంతో పక్క రాయిని కొలవలేం. సంతకు, పొలానికి అది పనికిరాదు.

ఆ సంతకూ పొలానికీ, లోకం మొత్తానికీ ఒకటే కొలత కావాలని ఫ్రాన్సులో విప్లవకాలపు పండితులు అనుకున్నారు. సెకనుకు ఒక ఊపు ఊగే లోలకం పొడుగును తీసుకుందామన్న మాట మొదట నడిచింది. దాన్ని వదిలి భూమినే కొలవాలని తేల్చారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరు. దెలాంబ్ర్, మెషాన్ డన్‌కిర్క్ నుంచి బార్సిలోనా దాకా 1792 నుంచి 1798 వరకు కొలుస్తూ తిరిగారు. ఆ పని ముగిసిన నాలుగేళ్లకే, 1802లో, విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర తన 100 అడుగుల ఉక్కు గొలుసు పరిచి భూమి వంపును కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత దక్కన్ మీదుగా హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 1819లో ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల నడుమ తూర్పు అడవుల్లోకి పంపితే, వానాకాలపు జ్వరాలకు బృందం మొత్తం మంచం పట్టింది, కొందరు అక్కడే పోయారు. హిమాలయ శిఖరం మీద ఆ పేరు నిలిచింది. ఆ అడవుల్లో పోయిన మోతగాళ్ల, గొలుసు లాగినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

1795 నాటి ఫ్రెంచి చట్టం మీటరుతో పాటు భూమికి ఇంకో ప్రమాణం పెట్టింది. పది మీటర్ల నలుపలక, దాని పేరు ఆర్. నూరు ఆర్‌లు హెక్టారు. ఇప్పుడు మన గొలుసును పక్కన పెట్టండి. 33 అడుగులు అంటే 10.06 మీటర్లు. గుంట 101.17 చదరపు మీటర్లు, ఆర్ 100. పారిస్‌లో భూగోళాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లు, పుణె దగ్గర రైతు చేలలో తిరిగినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఆరు సెంటీమీటర్ల తేడాతో ఒకే పొడుగు దగ్గరికి వచ్చారు. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇద్దరు మనుషులు లాగగలిగినంత బరువు, ఒక మడిలో రెండు మూడుసార్లు పడేంత పొడుగు అయి ఉండటమే కారణమని నా నమ్మకం.

1956లో దేశమంతటికీ తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణా పోయి నయాపైస వచ్చింది, 1958 అక్టోబర్ నుంచి కిలోలు రావడం మొదలైంది. సేరు, పల్లా, తులం రాళ్లు మెల్లగా కొట్ల మూలలకు పోయాయి. ఒక్క బంగారం దగ్గర తులం ఇప్పటికీ నిలిచింది, అదీ పది గ్రాములకు జరిగి. కిలో రావడం పేదవాడికి మేలే చేసింది. దుకాణంలో రాయి అడుగున సర్కారు ముద్ర ఉంటుంది, ముద్ర లేకపోతే అడిగే చోటు ఉంటుంది. భూమి దగ్గర మాత్రం హెక్టారు కాగితం దాటి చేనులోకి దిగలేదు. 2018లో రైతుబంధు పంటకు ఎకరానికి 4,000 రూపాయలని ప్రకటిస్తే ఊళ్లో అందరూ చిటికెలో గుంటకు నూరు అని లెక్క కట్టుకున్నారు. హెక్టారు లెక్కలో చెప్పి ఉంటే ఆ నూరు ఎవరికీ తెలిసేది కాదు. కిలోలు వచ్చిననాడే ఎవరైనా ధైర్యం చేసి గుంటను 100 చదరపు మీటర్లకు సర్ది, పేరు అదే ఉంచి ఉంటే మీటరు చేనులోకి దిగేదేమో అనిపిస్తుంది. దానికి ఖర్చు కూడా ఉంది. ఎకరానికి 47 చదరపు మీటర్లు, దాదాపు అర గుంట తగ్గుతుంది. పట్టా పుస్తకంలో అంకె అదే ఉండి నేల అర గుంట తగ్గిందంటే ఏ రైతు ఊరుకుంటాడు?

చిక్కు ఇంకోచోట ఉంది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్‌లోంచి మా మూడు జిల్లాలు వచ్చాయి. అప్పుడు గోదావరి అవతలి వాజేడు, వెంకటాపురం మండలాలు కూడా భూపాలపల్లిలో చేరాయి. అవి 1959 దాకా తూర్పుగోదావరి జిల్లావి, మద్రాసు లెక్కలో పెరిగినవి. (2019 నుంచి ములుగులో ఉన్నాయి.) నదికి ఈ పక్క 2.15 అని రాస్తే రెండెకరాల పదిహేను గుంటలు. సెంట్ల అలవాటున్నవాడు చదివితే రెండెకరాల పదిహేను సెంట్లు. గుంటలనుకుంటే 95 గుంటలు, సెంట్లనుకుంటే 86. చుక్క ఒక్కటే, తేడా తొమ్మిది గుంటలు. నలభైతో నడిచే లెక్కకు దశాంశపు చుక్క పెట్టడం మొదటి తప్పు. పాత పట్వారీలు చుక్క పెట్టేవాళ్లు కాదు, ఎ. అని, గుం. అని విడివిడిగా రాసేవాళ్లు.

భూపాలపల్లి, మహదేవపూర్ అడవుల్లో ఇప్పటికీ ఒక కొలత ఉంది, నాకు చాలా ఇష్టమైనది. తునికాకు కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. మే నెల ఎండలో ఆకు తెంపి, ఇంటికి తెచ్చి, నారతో కట్టి, సాయంత్రం కల్లానికి మోస్తారు. త్రాసు లేదు, రాయి లేదు, మూతి వెడల్పు చేయడానికి పాత్ర లేదు. యాభై ఎంచడం వచ్చిన పదేళ్ల పిల్ల కూడా కల్లం దగ్గర కట్టలు లెక్క తీసుకునే కల్లేదారును నిలదీయగలదు. కట్టలో ఆకు చిన్నదని, చిల్లు పడ్డదని తీసి పారేసే అధికారం కల్లేదారు చేతిలో ఉంది గనుక తగువులు ఉండనే ఉంటాయి. కానీ యాభై మాత్రం యాభైయే. 1980లలో ఈ అడవుల్లో కూలి రేట్ల కోసం జరిగిన పోరాటాలన్నీ కట్టకు ఎన్ని పైసలన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరగగలిగాయంటే, కట్ట అంటే ఎంతో రెండు పక్షాలకూ తెలిసి ఉండటమే కారణం.

ఇప్పుడు భూమిని ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. స్తంభం లాంటి యంత్రం గెట్టు మూలన నిలబెడితే తెరమీద అంకెలు వస్తాయి. సెంటీమీటర్ల దాకా సరిగ్గా ఉంటుంది, అరిగే కడీలు లేవు, వదులుగా పట్టే చైన్‌మన్ లేడు. దాని నిక్కచ్చితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా గెట్టు మీద నిలబడ్డ రైతు గురించే. గొలుసు ఎన్నిసార్లు పడ్డదో వేళ్ల మీద ఎంచుకున్న మనిషి, ఇప్పుడు తెర వైపు, తర్వాత నా మొహం వైపు చూస్తాడు. "సరిగ్గనే వచ్చిందా సారూ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న గొలుసు కాలంలో నన్నెవరూ అడగలేదు.

కాబట్టి ఇప్పటి సర్వే పెద్దలకు నేను చెప్పేది రెండు పనులు. కొత్త పటం మీద ప్రతి భుజానికీ మీటర్లతో పాటు గొలుసులు, అణాలు కూడా అచ్చు వేయండి. అణాకు 62.9 సెంటీమీటర్లు, యంత్రానికి అది క్షణం పని. అట్లా చేస్తే పాత టిపన్‌ను కొత్త పటం పక్కన పెట్టి ఎవరైనా చదువుకోగలరు. రెండోది, ప్రతి ఊళ్లో గ్రామపంచాయతీ ముందర రెండు బండరాళ్లు కదలకుండా పాతి, వాటి తలల మీద ఇత్తడి మేకులు దించండి. మేకుకు మేకుకు నడుమ దూరం 33 అడుగులు, అంటే 10 మీటర్ల 5.8 సెంటీమీటర్లు. ఎవరి టేపునైనా, ఎవరి తాడునైనా దానికి పట్టి చూసుకోవచ్చు. మేకులు దించే రోజు ఎండెక్కకముందే కొలవాలి, ఎండకు ఉక్కు టేపు సాగుతుంది. రెండు కొసల్లో ఒకటి ఊరి రైతు చేతికి ఇవ్వాలి.